డే కేర్ టీకా మినహాయింపు పత్రం మీద సంతకం చేయాలా?

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమెకు 33 ఏళ్ళు. బాబుకు 22 నెలలు, అక్కడే పుట్టాడు. 6 నెలల వయసు దాకా టీకాలన్నీ వేళకు వేయించారు. 6 నెలల టీకాలు వేసిన రాత్రి బాబుకు 103 జ్వరం వచ్చి తెల్లవార్లూ ఏడ్చాడు. ఏడాది నిండేసరికి అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ పదేళ్ళ కిందట గురూపదేశం పొంది ఉల్లి, వెల్లుల్లి కూడా మానేసిన మనిషి. టీకాల్లో పంది జెలటిన్, దూడ రక్తం ఉంటాయని, అవి పసివాడి ఒంట్లోకి ఎక్కించడం మన ధర్మానికి విరుద్ధమని అన్నారు. ఆ నెల వాయిదా పడింది, తరువాత వాయిదాలే మిగిలాయి. ఇప్పుడు ఈమెకు ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల నుంచి బాబును డే కేర్‌లో చేర్చాలి. టీకాల రికార్డు గానీ మినహాయింపు అఫిడవిట్ గానీ ఇమ్మని డే కేర్ వాళ్ళు అడిగారు. భర్త ఆ పత్రాన్ని డౌన్‌లోడ్ చేసి, ప్రింటు తీసి, భోజనాల బల్ల మీద పెట్టారు. "చట్టమే ఒప్పుకుంటున్నప్పుడు ఇంట్లో గొడవ దేనికి? అమ్మ ఉన్నన్నాళ్ళు ప్రశాంతంగా గడవనీ" అన్నది ఆయన మాట. న్యూజెర్సీలో ఉండే అక్క ఫోనులో చీవాట్లు పెడుతోంది. అదే ఊళ్ళో ఉన్న ఆడపడుచుకు 4 నెలల పాప. ప్రతి శనివారం అందరూ ఒకచోట కలుస్తారు. సంక్రాంతికి తెనాలి వెళ్ళాలని టికెట్లు కూడా కొన్నారు. "నాకు టీకాల మీద మతపరమైన అభ్యంతరం ఏదీ లేదు. కానీ కాదంటే అత్తగారి నమ్మకాన్ని తోసిపుచ్చినట్లు అవుతుందేమో. సంతకం నేను చేయాలా, ఆయన్ని చేయనివ్వాలా, అసలు వద్దనాలా?" అని ఆమె అడిగారు.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మతం గురించిన ప్రశ్నలా కనిపించింది. రెండోసారి చదివితే ఆ రాత్రి 103 జ్వరం గురించి మీరు రాసిన పేరానే అన్నిటికన్నా పొడుగ్గా ఉంది. దాని సంగతికి తరువాత వస్తాను. ముందు ఆ బల్ల మీది కాగితం ఏమిటో చూద్దాం.

అమెరికాలో దాదాపు ప్రతి రాష్ట్రమూ డే కేర్‌లో, బడిలో చేరే పిల్లలకు కొన్ని టీకాలను తప్పనిసరి చేసింది. దేన్నుంచి, ఎవరికి, ఏ కారణంతో మినహాయింపు ఇవ్వాలన్నది మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తేల్చుకుంటుంది. టెక్సస్ 2003 నుంచి "మత విశ్వాసంతో సహా మనస్సాక్షి కారణాల" పేరుతో మినహాయింపు ఇస్తోంది. 2025 ఆగస్టు దాకా ఆ పత్రం కోసం ఆరోగ్య శాఖకు రాసి తెప్పించుకోవాల్సి వచ్చేది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీవారికి అంత తేలిగ్గా దొరికిందంటే అందుకే. తల్లిదండ్రులలో ఒకరు నోటరీ ఎదుట సంతకం చేస్తే చాలు, రెండేళ్ళు చెల్లుతుంది. మీ నమ్మకం నిజమా కాదా అని అక్కడ ఎవరూ పరీక్ష పెట్టరు.

పరీక్ష పెట్టరు కనుకనే ఆ కాగితం మీద ఏముందో సంతకం పెట్టేవాళ్ళే నిదానంగా చదవాలి. అది అఫిడవిట్, అంటే ప్రమాణపూర్వకంగా ఇచ్చే మాట. అందులో అడిగే మనస్సాక్షి తల్లిదండ్రులది, నానమ్మది కాదు. మీకు అభ్యంతరం లేదని నాకు రాసిన చేత్తోనే, ఉందని నోటరీ ముందు రాయడం మీకు సాధ్యమా అని నన్ను అడిగితే, ఉత్తరం చదివినంత మేరకు సాధ్యం కాదనే అనిపిస్తోంది. మీవారి విషయం నాకు తెలియదు, ఆయన మనసులో నిజంగా ఆ నమ్మకం ఉండవచ్చు కూడా. కానీ మీరు రాసిన ఆయన మాటల్లో ధర్మం ప్రస్తావన ఒక్కచోటా లేదు, గొడవ ప్రస్తావనే ఉంది. ఎం.ఎస్.కు వచ్చే ముందు చాలామంది మన పిల్లల్లాగే ఆయనా యూనివర్సిటీ టీకాల ఫారం నింపడానికి తట్టు వగైరాలకు వేసే ఎంఎంఆర్ సూదులు వేయించుకునే ఉంటారు. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలోనూ అవే టీకాలు అడుగుతారు. అక్కడ మత కారణంతో మినహాయింపు కావాలంటే, ఫలానా టీకా వద్దు అంటే సరిపోదు, ఏ రూపంలోనూ ఏ టీకా మీదా సమ్మతి లేదని, ఆ నమ్మకం చిత్తశుద్ధితో కూడినదని చూపాలి. ఆయన్ని ఇరుకున పెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. తన ఒంటికి అడ్డురాని నమ్మకం కొడుకు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు అడ్డొచ్చిందో ఆయనే తనను తాను అడిగి చూసుకోవాలి.

ఇక అత్తగారి మాట. దాన్ని చాదస్తమని కొట్టేయకండి, అందులో సగం నిజం ఉంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకాల్లో అమెరికాలో ఎక్కువగా వాడే ఎంఎంఆర్-2లో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. వైరస్ చెడిపోకుండా నిలబెట్టడానికి దాన్ని కలుపుతారు. ఆటలమ్మకు వేసే వేరివాక్స్‌లోనూ ఉంటుంది. దూడ రక్తం అని ఆవిడ అన్నది కూడా పుట్టించిన మాట కాదు: వైరస్‌ను పెంచే దశలో దూడ సీరం, అంటే దూడ రక్తం నుంచి తీసిన పలచని ద్రవం, వాడతారు, తరువాత శుద్ధి చేసేటప్పుడు అది అతి సూక్ష్మమైన జాడగా మాత్రమే మిగులుతుంది. అయితే ప్రయారిక్స్ అనే మరో ఎంఎంఆర్ టీకా ఉంది. యూరప్‌లో ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్నదే, అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. అందులో జెలటిన్ లేదు. మీ బాబుకు బాకీ ఉన్న మిగతావాటిలో, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి వేసే టీకాలో, హెపటైటిస్-ఎ టీకాలో, మెదడు పొర వాపు, న్యుమోనియా లాంటివాటికి వేసే హిబ్, న్యుమోకాకల్ బూస్టర్లలో కూడా జెలటిన్ ఉండదు. పంది జెలటిన్ ఒక్కటే అభ్యంతరమైతే చివరికి మిగిలేది ఆటలమ్మ టీకా మాత్రమే, ఎందుకంటే అమెరికాలో దానికి జెలటిన్ లేని రకం దొరకదు.

ఇలాంటి సందేహం మనకొక్కరికే రాలేదు. పంది పదార్థం ముస్లింలకూ అభ్యంతరమే. 1995లో కువైట్‌లో సమావేశమైన ఇస్లామిక్ పండితులు, వైద్యులు జెలటిన్ తయారీలో ఆ పదార్థం పూర్తిగా రూపం మారిపోతుంది కనుక మందులో వాడవచ్చని తేల్చారు. మన దగ్గర అలా తీర్పు చెప్పే పీఠం ఒక్కటి లేదు. టీకా వద్దన్న శాస్త్రవచనమూ లేదు. ఉన్నదల్లా ఆచారం, గురువు మాట, మన ఇంటి పద్ధతి. ఆపదలో, రోగంలో నియమానికి సడలింపు ఉంటుందన్న ఆపద్ధర్మం కూడా ఆ ఆచారంలో భాగమే. తట్టు వస్తే అమ్మవారు వచ్చిందని గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, చల్లని గంజి నైవేద్యం పెట్టిన తరం మీ అత్తగారిది. ఆ తరమే టీకాలు వేయించుకున్న తరం కూడా. ఆవిడకు 64 ఏళ్ళని రాశారు కదా, ఆ వయసువాళ్ళ చేతి మీద మశూచి టీకా మచ్చ చాలావరకు ఉండే ఉంటుంది. మా అమ్మ భుజం మీద పావలా కాసంత మచ్చలు రెండు ఉండేవి. చిన్నప్పుడు నేను వాటిని వేలితో తడుముతూ నిద్రపోయేదాన్ని. ఆ టీకాకు కావలసిన ద్రవాన్ని దూడల చర్మం మీద పెంచి తీసేవారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1899లో మొదలైంది ఆ పని కోసమే. శాకాహారం తప్పని ఇళ్ళలోనూ పిల్లలకు ఆ టీకా పొడిపించారు, ధర్మం చెడిందని వాళ్ళను ఎవరూ వెలివేయలేదు. 1977 నాటికి దేశంలో మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాగితం ఇచ్చింది.

ఈ సంగతులన్నీ తీసుకెళ్ళి అత్తగారి ముందు వాదనగా పెట్టకండి. ఆవిడ వేసుకునే విటమిన్ గొట్టం మాత్రలు కూడా చాలావరకు జెలటిన్‌తో చేసినవేనన్న సంగతి అయితే అసలు ఎత్తవద్దు. నిజమే అయినా, నలుగురిలో అంటే అది ఎత్తిపొడుపు అవుతుంది. ఎత్తిపొడుపుకు తల వంచే అత్తగారిని నేనింతవరకు చూడలేదు. ఆ మచ్చ గురించి మాత్రం ఒక సాయంత్రం మామూలుగా అడగండి, ఎప్పుడు వేశారు, ఎవరు వేయించారు అని. కథ ఆవిడే చెబుతారు.

ఇప్పుడు ఆ జ్వరం దగ్గరకు వద్దాం. బాబు ఏడ్చిన ఆ రాత్రి మీరిద్దరూ భయపడ్డారు. అత్తగారి మాట వచ్చేనాటికే మీ మనసులో వెనుకంజ ఉంది. ఆవిడ ఇచ్చిన కారణం మీ భయానికి గౌరవప్రదమైన పేరుగా పనికొచ్చింది. నా ఊహ తప్పైతే క్షమించండి. తప్పు కాకపోతే దానికి మందు నోటరీ దగ్గర లేదు, పిల్లల డాక్టరు దగ్గర ఉంది. 6 నెలలకు వేసే టీకాల తరువాత ఒకటి రెండు రోజుల్లో జ్వరం రావడం మామూలే. ఎంఎంఆర్ జ్వరం తీరు వేరు: వస్తే వారం నుంచి 12 రోజుల మధ్య వస్తుంది, అదీ కొందరికే. ఇది ముందే తెలియని తల్లి పదో రోజున కంగారు పడుతుంది. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు రెండూ ఒకే సూదిలో కలిపిన రకంతో జ్వరం వల్ల వచ్చే ఫిట్స్ కొంచెం ఎక్కువని తేలింది కాబట్టి మొదటి డోసుకు విడివిడి సూదులు అడగండి. 103 జ్వరం వచ్చిన సంగతి, ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్నాళ్ళుంది, ఫిట్స్ ఏమైనా వచ్చాయా అన్నవి రాసుకుని వెళ్ళండి. నిజంగా వైద్య కారణం ఉందని డాక్టరు తేలిస్తే అప్పుడు వైద్య మినహాయింపు ఇస్తారు, దానికి మతం పేరు అక్కర్లేదు.

మీ ముందున్న దారులు మూడు నాలుగు కనిపిస్తున్నాయి. ఒకటి, మీవారు కోరినట్లు మొత్తం మినహాయింపు తీసుకోవడం. ఇంట్లో ఈ నెల గొడవ ఉండదు, ఆ లాభాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ ఆ పత్రంలోనే ఒక షరతు ఉంది: రాష్ట్ర ఆరోగ్య కమిషనరు అత్యవసర పరిస్థితి గానీ అంటువ్యాధి గానీ ప్రకటిస్తే టీకా లేని పిల్లలను డే కేర్‌కు రానివ్వకపోవచ్చు. ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. 2025 జనవరిలో పశ్చిమ టెక్సస్‌లోని గెయిన్స్ కౌంటీలో మొదలైన తట్టు ఆగస్టు 18న ముగిసిందని ప్రకటించేలోపు ఆ రాష్ట్రంలో 762 మందికి సోకింది. టీకా పడని ఇద్దరు బడిపిల్లలు చనిపోయారు. లబక్‌లో ఒక డే కేర్ పిల్లలకూ అంటుకుంది. రోగి దగ్గర మసలిన టీకా లేని పిల్లలను 21 రోజులు ఇంట్లోనే ఉంచమని అప్పుడు అధికారులు చెప్పారు. కొత్త ఉద్యోగంలో చేరిన మీకు అలాంటి 21 రోజులు వస్తే ఎవరు సెలవు పెడతారు? అత్తగారి ఆరు నెలల వీసా గడువు అప్పటికి మిగిలి ఉంటుందా?

ఈ దారిలోనే మరో చిక్కు, ఈ మినహాయింపు టెక్సస్ గట్టు దాటితే పనికిరాకపోవచ్చు. కాలిఫోర్నియా 2015లో చట్టం చేసి, న్యూయార్క్ 2019లో, కనెక్టికట్ 2021లో, మధ్యలో మెయిన్ రాష్ట్రం, మత కారణాలను తీసివేశాయి. న్యూజెర్సీలో మీ అక్కగారి దగ్గర ఇంకా ఉంది, 2020 జనవరిలో తీసివేయబోయిన బిల్లు అక్కడ వీగిపోయింది. ఇలా తీసివేసే అధికారం రాష్ట్రాలకు ఉందన్న మాట కొత్తది కాదు. మత స్వేచ్ఛ అంటే బిడ్డనూ సమాజాన్నీ అంటువ్యాధికి గురిచేసే స్వేచ్ఛ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1944లోనే ఒక తీర్పులో అంది. ఆ కోర్టుల్లో ఈ వాదన ఇప్పటికీ నలుగుతూనే ఉంది, కనుక రేపు ఏమవుతుందో చెప్పను. కానీ హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళం ఏ రాష్ట్రంలో ఉంటామో మనకే తెలియదు కదా! ప్రాజెక్టు కాలిఫోర్నియాలోని బే ఏరియాకు మారితే అన్ని టీకాలూ తరుముకుంటూ వేయించాల్సి వస్తుంది.

ఈ దారిలో ఇంకో చిక్కు ఆడపడుచు పాప. 4 నెలల బిడ్డకు ఎంఎంఆర్ వేయరు. మామూలుగా 12 నెలలు నిండాలి, ఇండియా ప్రయాణం లాంటిది ఉంటే 6 నెలల తరువాత ఒకటి ముందుగా వేస్తారు. తట్టు సోకిన పిల్లవాడు ఒంటి మీద దద్దు కనిపించడానికి 4 రోజుల ముందు నుంచే అంటిస్తాడు, వాడు వెళ్ళిపోయిన గదిలో గాలిలో రెండు గంటల దాకా వైరస్ నిలుస్తుంది, రక్షణ లేని పదిమందిలో తొమ్మిదిమందికి సోకుతుంది. శనివారం భోజనాల వేళ మీ బాబు వెళ్ళి ముద్దు పెట్టుకునేది ఆ పాపనే. ఆడపడుచుతో ఈ మాట మాట్లాడారా? మాట్లాడినట్లు ఉత్తరంలో లేదు. కొడుకు బిడ్డ విషయంలో ధర్మం అంటున్న అత్తగారు, కూతురి బిడ్డ విషయంలో ఏమంటారో నాకు కుతూహలంగా ఉంది, వెటకారానికి కాదు.

ఇక రెండో దారిగా మధ్యే మార్గం ఒకటి ఉంది, మీ ఇంట్లో ఇది ఎవరికీ తట్టినట్లు లేదు. టెక్సస్ పత్రంలో ఏ టీకా వద్దో దానికే టిక్కు పెట్టవచ్చు, అన్నీ వదులుకోవాలని లేదు. పంది జెలటిన్ విషయంలో మీవారికి నిజంగానే మనసొప్పకపోతే ఆటలమ్మ టీకా ఒక్కదానికే మినహాయింపు రాసి, ఎంఎంఆర్‌ను ప్రయారిక్స్‌తో, మిగతావాటిని మామూలుగా వేయించవచ్చు. ఆటలమ్మ తట్టంత ప్రమాదం కాదు గానీ తేలికదీ కాదు. అది సోకి డే కేర్‌కు దూరమయ్యే రోజులు, పాపకు అంటుకునే ముప్పు అప్పుడూ ఉంటాయి. కానీ అత్తగారు చెప్పిన అభ్యంతరానికి పూర్తి గౌరవం దక్కుతుంది, పిల్లవాడికి తట్టు నుంచి రక్షణా దక్కుతుంది. ఈ ప్రతిపాదనకు ఇంకో లాభం ఉంది. జెలటిన్ లేదని తెలిశాక కూడా "అయినా వద్దు" అంటే, అడ్డం జెలటిన్ కాదని అందరికీ తెలిసిపోతుంది. దూడ సీరం జాడ కూడా వద్దంటే అది వేరే సంగతి, అప్పుడు ఆ మాట గురువుగారినే అడగమనండి. ఆయన నోటి మాటేనా, వాట్సాప్‌లో ఆయన పేరు మీద తిరిగిన మాటా అన్నది అత్తగారే ఫోను చేసి కనుక్కోవచ్చు. ఆయనా వద్దంటే మీరు ఇంకా కష్టమైన చోట నిలబడతారు, అది కూడా ముందే తెలిసి అడగండి.

అన్ని టీకాలూ వేయించి, ఏ పత్రమూ లేకుండా చేర్చడం మరో దారి. నా మొగ్గు దానివైపే అని దాచను. డే కేర్‌ను ఆర్నెల్లు వాయిదా వేసి ఇంట్లోనే నానమ్మ దగ్గర ఉంచుదామని కూడా మీవారు అనవచ్చు. దానివల్ల ఈ నెల ప్రశ్న తప్పుతుంది, సంక్రాంతి ప్రశ్న తప్పదు. తట్టు ఇండియాలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, విమానాశ్రయంలో మినహాయింపు పత్రం చూసి అది ఆగదు.

మీరు అడిగిన సంతకం మాటకు ఇదే నా సమాధానం: మీకు లేని నమ్మకాన్ని మీరు ప్రమాణం చేసి రాయనక్కర్లేదు. ఆయన ఒక్కరే సంతకం చేసినా కాగితం చెల్లుతుంది, కనుక "నేను చేయను" అన్నంత మాత్రాన వ్యవహారం ఆగదు. అందుకే వాదన సంతకం దగ్గర కాకుండా అంతకు ముందే జరగాలి. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి టీకాలు వేయించేయమని మీ అక్క చెప్పారని రాశారు. పదో రోజున జ్వరం వస్తే ఆ రహస్యం నిలవదు, ఆ తరువాత మీరు ఏం చెప్పినా ఆయన వినరు. ఈ పని మాత్రం చేయకండి. ముందు అత్తగారు లేనప్పుడు మీరిద్దరే మాట్లాడుకోండి. "నీ నమ్మకమా, అమ్మ నమ్మకమా, ఆ రాత్రి భయమా?" అని అడగండి. మీరు కూడా అదే ప్రశ్నకు జవాబు చెప్పండి. తరువాత ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి, పుట్టింటివాళ్ళను ఎవరినీ వెంట తీసుకువెళ్ళవద్దు. టీకా వేయించే రోజు అత్తగారు గుడిలో బాబు పేర అర్చన చేయించాలన్నా, వచ్చాక దిష్టి తీయాలన్నా తీయించండి. ఆవిడకు ఆ ఇంట్లో పిల్లవాడి మీద ఒక అధికారం కావాలి, అది ఇవ్వగల చోట ఇవ్వండి.

వెళ్ళే ముందు క్లినిక్కుకు ఫోను చేసి ప్రయారిక్స్ ఉందా అని పేరు పెట్టి అడగండి. చాలాచోట్ల ఎంఎంఆర్-2 మాత్రమే ఉంచుతారు, తెప్పించాలంటే కొన్ని రోజులు పట్టవచ్చు. ఏడాది నిండిన పిల్లలకు విదేశీ ప్రయాణం ముందు 28 రోజుల తేడాతో రెండు డోసులు వేస్తారు. రెండోది బయలుదేరడానికి రెండు వారాల ముందే పడాలంటే టికెట్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి మొదటి డోసు రోజును ఖాయం చేసుకోండి. డే కేర్ వాళ్ళను కూడా, రికార్డు పూర్తయ్యేలోపు చేర్చుకుంటారా, టీకా లేని పిల్లల విషయంలో, అంటువ్యాధి వచ్చినప్పుడు వాళ్ళ పద్ధతి ఏమిటి, ఆ 21 రోజుల ఫీజు కట్టాలా అని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఆ జవాబు వచ్చేదాకా ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీది నుంచి తీసి సొరుగులో పెట్టండి.